శ్రీలంకలో మన శాంతి సేన: 32 నెలల లెక్క ఎవరు చెప్పాలి?

ప్రశ్న: గోదావరి గట్టు

మా నాన్నగారు సైన్యంలో సిగ్నల్స్ విభాగంలో హవల్దారుగా పనిచేశారు. తాడేపల్లిగూడెం దగ్గర మాధవరం చుట్టుపక్కల పల్లెలు తెలిసినవారికి వేరే చెప్పనక్కరలేదు, అక్కడ పట్టాళానికి మనిషిని పంపని ఇల్లు వెతికినా దొరకదు. 1987 ఆగస్టులో ఆయనను శాంతి సేనతో శ్రీలంకకు పంపారు. 1988 జూన్‌లో వవునియాకు ఉత్తరాన, రోడ్డు కల్వర్టు కింద పెట్టిన మందుపాతర పేలి, ఆయన ప్రయాణిస్తున్న వన్‌టన్ బండిలో ఇద్దరు అక్కడికక్కడే చనిపోయారు. నాన్నగారి ఎడమ కాలు మోకాలి కింది నుంచి పోయింది. అప్పటికి నాకు నాలుగేళ్ళు. నిరుడు సంక్రాంతి వెళ్ళిన వారానికి ఆయన కాలం చేశారు.

ఆయన ట్రంకు పెట్టె ఈ మధ్యే తెరిచాం. అందులో విదేశ్ సేవా పతకం, మూడు పాత కృత్రిమ కాళ్ళు, దారంతో కట్టిన ఇన్లాండ్ ఉత్తరాల కట్ట ఉన్నాయి. ఆ ఉత్తరాలను అమ్మకు వరుసగా చదివి వినిపించాను. 1987 సెప్టెంబరులో రాసినదాంట్లో దసరాకు వచ్చేస్తామని ఉంది. అక్టోబరు చివర రాసినదాంట్లో సంక్రాంతికి తప్పకుండా పంపుతారని ఉంది. ఫిబ్రవరిలో ఉగాది అన్నారు. ఏప్రిల్ ఉత్తరంలో ఏ పండుగ పేరూ లేదు, పిల్ల బడికి వెళుతోందా అని మాత్రమే అడిగారు. తరువాత వచ్చింది ఉత్తరం కాదు, టెలిగ్రాం.

ఆ మూడు కాళ్ళ గురించి కూడా చెప్పాలి. కృత్రిమ కాలు ఒకసారి పెట్టించుకుంటే సరిపోదన్న విషయం బయటివారికి తెలియదు. వయసుతో పాటు కండ తగ్గుతుంది, తొడుగు వదులవుతుంది, నాలుగైదేళ్ళకొకసారి పుణెలోని సైనిక కృత్రిమ అవయవ కేంద్రానికి వెళ్ళి కొలతలిచ్చి కొత్తది చేయించుకోవాలి. వానాకాలంలో చెమటకు, తడికి తోలు పట్టీ ఒరుసుకుని పుండు పడేది. రాత్రి పూట అమ్మ ఆ మోడు మీద కొబ్బరి నూనె రాసి, ఉతికిన నూలు తొడుగును పొయ్యి దగ్గర ఆరబెట్టేది. ముప్ఫయ్యారేళ్ళ పాటు ఆమె ఈ పని చేసింది.

నేను అడగదలచుకున్నది ఇది. ఆ యుద్ధానికి మన దేశం మనుషుల్లోను డబ్బులోను చెల్లించిన మూల్యాన్ని ఎక్కడైనా ఎవరైనా పూర్తిగా లెక్కకట్టారా? నాన్నగారి ఉత్తరాలు దసరా నుంచి సంక్రాంతికి, సంక్రాంతి నుంచి ఉగాదికి జరుగుతూ పోయిన ఆ నెలల్లో, ఇక చాలు అని ఆపడానికి వీలున్న సమయం ఎప్పుడైనా వచ్చిందా? వస్తే, ఆ మాట అడగవలసినవారు ఎవరు? ఎవరినీ నిందించడానికి ఇది రాయడం లేదు. అమ్మ నన్ను అడిగింది, నా దగ్గర జవాబు లేకపోయింది.


జవాబు: సైనికపురి

అమ్మా, మీ నాన్నగారికి నా నమస్కారాలు. సికింద్రాబాదులోని 54వ డివిజన్‌లో సుబేదారుగా నేనూ అదే సమయంలో అక్కడికి వెళ్ళాను, కాబట్టి నాకు తెలిసినంత చెబుతాను.

1987 జూలై 29న కొలంబోలో రాజీవ్ గాంధీ, శ్రీలంక అధ్యక్షుడు జయవర్ధనే ఒప్పందం మీద సంతకాలు చేశారు. మరునాడే మా డివిజన్ మొదటి దళాలు జాఫ్నా పక్కన ఉన్న పలాలి విమానాశ్రయంలో దిగాయి. మాకు చెప్పిన పని, ప్రత్యేక తమిళ దేశం కోసం పోరాడుతున్న తమిళ పులుల (ఎల్‌టీటీఈ) దగ్గర నుంచి ఆయుధాలు అప్పగింపజేసుకోవడం, వారికీ శ్రీలంక సైన్యానికీ మధ్య కాల్పుల విరమణను కాపాడడం. యుద్ధం చేయాలని ఎవరూ చెప్పలేదు కనుక యుద్ధానికి కావలసిన సరంజామాలో చాలా భాగం ఇక్కడే వదిలి వెళ్ళాం. పటాలు పాతవి, అవీ చాలినన్ని లేవు. దిగిన కొత్తలో జాఫ్నా జనం మాకు దండలు వేశారు, ఆడవాళ్ళు కొబ్బరి బోండాలు తెచ్చి ఇచ్చారు. ఆ ముఖాలు నేను మరిచిపోలేదు, ఎందుకంటే మూడు నెలలు తిరగకుండానే అవే వీధుల్లో మమ్మల్ని చూసి తలుపులు వేసుకున్నారు.

అక్టోబరు 5న, శ్రీలంక నౌకాదళం పట్టుకున్న పులుల్లో పన్నెండు మంది పలాలిలో సైనైడ్ మింగి చనిపోయారు. అక్కడితో అంతా తెగిపోయింది. ఆ వారంలోనే మేము కాపాడడానికి వెళ్ళినవారితోనే యుద్ధం మొదలైంది. అక్టోబరు 11 రాత్రి జాఫ్నా విశ్వవిద్యాలయం మైదానంలో హెలికాప్టర్ల నుంచి దిగిన సిక్కు లైట్ ఇన్‌ఫాంట్రీ జవాన్లు ముప్ఫై మందిలో ఇరవై తొమ్మిది మంది తెల్లవారి పొద్దెక్కేలోగా చనిపోయారు, మిగిలిన ఒక్కడూ బందీగా దొరికాడు. మన వైర్‌లెస్ మాటలను అవతలివారు విని, ముందే కాచుకుని కూర్చున్నారు. వారి చేతుల్లో ఏకే-47లు ఉంటే మా జవాన్ల చేతుల్లో పాత ఎస్ఎల్‌ఆర్ తుపాకులు ఉన్నాయి. కొద్ది రోజుల్లో ముగిసిపోతుందని పైవారు అనుకున్న జాఫ్నా పట్టణం చేతికి రావడానికి రెండు వారాలకు పైగా పట్టింది, రెండు వందల మందికి పైగా ప్రాణాలు పోయాయి.

ఆపడానికి వీలున్న సమయం వచ్చిందా అని అడిగారు. ఒకటి కాదు, నా లెక్కలో మూడు వచ్చాయి. జాఫ్నా చేతికి వచ్చాక, 1987 నవంబరులో మన ప్రభుత్వం 48 గంటల పాటు కాల్పులు ఆపింది. ఆ గడువును పొడిగించి మాటలు కొనసాగించి ఉండవచ్చు. 1988 నవంబరులో ఉత్తర, తూర్పు రాష్ట్ర మండలికి ఎన్నికలు జరిపించగలిగాం. వచ్చిన పనిలో చేయగలిగినంత చేశామని చెప్పి, గౌరవంగా బయటికి రావడానికి అంతకంటే మంచి అదను దొరకదు. మూడోది 1989 జూన్, శ్రీలంక అధ్యక్షుడు ప్రేమదాస మా సేనను జూలై చివరికల్లా వెళ్ళిపొమ్మని బహిరంగంగా అడిగిన రోజులు. అప్పుడు కూడా కదలలేదు. చివరి దళం ట్రింకోమలీ రేవులో ఓడ ఎక్కింది 1990 మార్చి 24న.

ప్రతిసారీ మాకు చెప్పిన కారణం దాదాపు ఒక్కటే. ఇప్పుడు వెనక్కి వెళితే ఇంతమంది ప్రాణత్యాగానికి అర్థం ఏముంటుంది అన్నారు. పోయినవారి పేరు చెప్పి బతికి ఉన్నవారిని మందుపాతరలున్న రోడ్ల మీదికి పంపిన ఆ మాటను నేను నా కింది జవాన్లకు నా నోటితోనే చెప్పాను. ఆ బరువు నాకు ఇప్పటికీ ఉంది. పోరాడిన జవాను తప్పు అందులో లేదు. మేజర్ రామస్వామి పరమేశ్వరన్ ఛాతీలో గుండు దిగినా శత్రువు చేతిలోని తుపాకీ లాక్కుని, చనిపోయే దాకా తన మనుషులకు ఆదేశాలు ఇస్తూనే ఉన్నారు, ఆయనకు పరమ వీర చక్ర వచ్చింది. అంతటి ధైర్యం ఉన్న సేనకు, చేయవలసిన పని ఏమిటో ప్రతి ఆరు నెలలకూ మారుస్తూ పోయారు. నా బాధ అదీ.


జవాబు: అర్థశాస్త్రం, గుంటూరు

డబ్బు లెక్క గురించి నేను కొంత చెప్పగలను, డిగ్రీ కళాశాలలో ప్రభుత్వ ఆదాయ వ్యయాల పాఠం చాలా ఏళ్ళు చెప్పాను.

ఆ 32 నెలల్లో మన వైపు సుమారు 1,200 మంది చనిపోయారు, 3,000 మందికి పైగా గాయపడ్డారు. ఖర్చు వెయ్యి కోట్ల రూపాయలు దాటింది. ఈ రెండో సంఖ్యను దాని పక్కన పెట్టవలసిన సంఖ్యతో కలిపి చూడాలి. 1987-88లో మన మొత్తం రక్షణ వ్యయం సుమారు 12 వేల కోట్లు. అంటే శ్రీలంక యుద్ధానికి అయినదంతా కలిపినా, ఒక్క ఏడాది రక్షణ ఖర్చులో పదో వంతుకు అటూ ఇటూగా తేలుతుంది. 1991లో బంగారం కుదువపెట్టవలసి వచ్చిన సంక్షోభానికి ఈ యుద్ధమే కారణమని కొందరు రాస్తూ ఉంటారు, అది సరి కాదు. ఆ సంక్షోభానికి ఏళ్ళ తరబడి పెరిగిన ద్రవ్యలోటు, విదేశీ అప్పులు, గల్ఫ్ యుద్ధంతో పెరిగిన చమురు ధర కారణాలు. మన బాధ నిజమైనది కాబట్టి దానికి సరిపడని లెక్కను తోడు తెచ్చుకోకూడదు.

అయితే ఆ వెయ్యి కోట్ల సంఖ్య తప్పుదోవ పట్టించేది ఇంకో వైపు నుంచి. ప్రభుత్వ ఖాతా ఒక యుద్ధానికి ఖర్చును దళం వెళ్ళిన రోజు నుంచి తిరిగి వచ్చిన రోజు వరకు రాసి, గీత గీసి మూసేస్తుంది. రవాణా, ఇంధనం, మందుగుండు, విదేశీ భత్యం అందులోకి వస్తాయి. ఇరవై రెండేళ్ళకు భర్తను పోగొట్టుకున్న ఇల్లాలికి యాభై ఏళ్ళ పాటు ఇవ్వవలసిన కుటుంబ పింఛను ఆ యుద్ధం పద్దులో కనిపించదు. అది పింఛన్ల పద్దులో, వేరే సంవత్సరాల బడ్జెట్లలో, లక్షల మంది పింఛనుదారులతో కలిసిపోయి ఉంటుంది. మీ నాన్నగారు పుణె వెళ్ళి చేయించుకున్న రెండో కాలు, మూడో కాలు కూడా అంతే, అవి వైద్యం పద్దులో ఉంటాయి. 1990లో ముగిసిందని మనం చెప్పుకునే యుద్ధానికి 2024లో కూడా చెల్లింపులు జరుగుతూనే ఉన్నాయి, వాటి మీద శ్రీలంక అన్న పేరు మాత్రం ఉండదు.

ఇక మీ అమ్మగారి ముప్ఫయ్యారేళ్ళ చాకిరీ ఏ పద్దులోనూ లేదు. ఒక నర్సును పెట్టుకుని ఉంటే దానికి నెలకింత అని లెక్క ఉండేది. ఇంట్లో మనిషి చేసింది కాబట్టి దానికి విలువే కట్టలేదు. యుద్ధాలు పైకి చవకగా కనిపించడానికి ఇది ఒక పెద్ద కారణమని నా అభిప్రాయం: వాటి ఖర్చులో పెద్ద భాగాన్ని రశీదు లేకుండా భరించేది ఆడవాళ్ళు. కాబట్టి పూర్తి లెక్క ఎవరైనా కట్టారా అన్న మీ ప్రశ్నకు నా జవాబు ‘లేదు’ అనే. మన దగ్గర అలా కట్టే పద్ధతే లేదు.


జవాబు: విశాఖ తీరం

నేను నౌకాదళంలో పనిచేసి విరమించినవాడిని. ఇక్కడ రాసినవారి బాధను గౌరవిస్తూనే, ఒక మాట వేరుగా చెప్పవలసి ఉంది.

ఖర్చు ఒక్కటే చూస్తే ఏ యుద్ధమూ నిలబడదు. 1983 జూలైలో కొలంబోలో తమిళుల ఇళ్ళు తగలబెట్టినప్పటి నుంచి లక్షకు పైగా శరణార్థులు పాక్ జలసంధి దాటి మన ఒడ్డుకు వచ్చారు. ట్రింకోమలీ లాంటి సహజమైన రేవు పరాయి దేశాల సైనిక అవసరాలకు పోకుండా చూసుకోవడం మన తూర్పు తీరానికంతటికీ ముఖ్యమైన విషయం, ఒప్పందంతో పాటు ఇచ్చిపుచ్చుకున్న లేఖల్లో శ్రీలంక ఆ హామీ ఇచ్చింది. ఆ ఒప్పందం వల్లనే శ్రీలంక రాజ్యాంగానికి 13వ సవరణ వచ్చింది. తమిళం అధికార భాష అయింది, రాష్ట్ర మండళ్ళు ఏర్పడ్డాయి. సరిగా అమలు కాకపోయినా, ఈ రోజుకీ అక్కడి తమిళ నాయకులు అధికార పంపిణీ గురించి మాట్లాడేటప్పుడు పట్టుకునే కాగితం అదే. అంతా వృథా అయిందని అంటే నేను ఒప్పుకోలేను.

వెళ్ళడం తప్పు కాదని, ఉండిపోవడం తప్పని నా ఉద్దేశం. సుబేదార్ గారు చెప్పిన 1988 నవంబరు మాటతో నేను పూర్తిగా ఏకీభవిస్తాను.


జవాబు: అడయారు

నేను నెల్లూరు నుంచి వచ్చి చెన్నైలో స్థిరపడ్డాను. మా పక్క వాటాలో ఒక జాఫ్నా కుటుంబం పన్నెండేళ్ళు ఉన్నారు. ఆ ఇంటి పెద్దావిడను నేను అత్తా అని పిలిచేదాన్ని. ఈ చర్చలో ఇంతవరకు ఎవరూ వారి వైపు నుంచి మాట్లాడలేదు కాబట్టి ఇది రాస్తున్నాను.

ఆమె దీపావళి చేసుకునేది కాదు. మొదటి ఏడాది మా ఇంటి నుంచి అరిసెలు పంపితే పళ్ళెం పుచ్చుకుని, తలుపు దగ్గరే నిలబడి, ఆ రోజు మా ఇంట్లో పొయ్యి వెలిగించం అమ్మా అని చెప్పింది. 1987లో దీపావళి అక్టోబరు 21న వచ్చింది. ఆ రోజు సాయంత్రం మన సైన్యం జాఫ్నా ఆసుపత్రిలోకి వెళ్ళింది. లోపలి నుంచి పులులు కాల్పులు జరిపారని సైన్యం చెప్పింది. అక్కడ బతికి బయటపడినవారు, తాము చేతులు ఎత్తి, ఆసుపత్రి సిబ్బందిమని అరుస్తున్నా కాల్చారని చెప్పారు. ఆ రోజూ మరునాడూ కలిపి డాక్టర్లు, నర్సులు, పనివారు, మంచాల మీది రోగులు అరవై మందికి పైగా చనిపోయారు. అత్త చెల్లెలు అక్కడ నర్సు. రాత్రంతా చనిపోయినవారి మధ్య కదలకుండా పడుకుని, తెల్లవారాక బయటికి వచ్చిందట. 1989 ఆగస్టులో వల్వెట్టితురైలో పులులు మన జవాన్ల మీద దాడి చేసి ఆరుగురిని చంపిన తరువాత, ఆ ఊళ్ళో మరో అరవై మందికి పైగా మామూలు జనం ప్రాణాలు కోల్పోయారు.

మన సేనను వారు తమ భాషలో అమైదిప్పడై అనేవారు. శాంతి సేన అనే దాని అర్థం. అత్త ఆ మాటను మామూలుగానే పలికేది, ద్వేషం ఉండేది కాదు. వచ్చిన పిల్లలు కూడా ఎవరో కన్న పిల్లలే కదా అనేది. పులులు తన మేనల్లుడిని బలవంతంగా తీసుకుపోయిన సంగతిని కూడా అదే గొంతుతో చెప్పేది.

ఇంకొక విషయం మన లెక్కల్లోకి రావాలి. తిరిగి వచ్చేముందు, మన వెనక మిగిలే రాష్ట్ర మండలికి కాపలాగా ఉండడానికి అక్కడి యువకులతో తమిళ జాతీయ సైన్యం అనేదాన్ని నిలబెట్టారు. అందులో చాలామందిని బస్సుల్లో నుంచి, బడుల దగ్గర నుంచి పట్టుకువచ్చి తుపాకులు చేతికిచ్చారు. శిక్షణ సరిగా లేదు. మన దళాలు ఒక్కో జిల్లా ఖాళీ చేస్తూ వస్తుంటే పులులు ఆ పిల్లలను తుడిచిపెట్టారు. మండలి ముఖ్యమంత్రి వరదరాజ పెరుమాళ్ ఇండియాకు వచ్చి తలదాచుకున్నారు. ఆ పిల్లలకు రావడానికి ఓడ లేదు. ద్వీపం దక్షిణాన, మన సేన వచ్చిందన్న కోపాన్ని ఆసరా చేసుకుని జేవీపీ అనే సింహళ వామపక్ష పార్టీ తిరుగుబాటు చెలరేగింది. ఆ తిరుగుబాటులో, దాన్ని అణిచివేయడంలో పదుల వేల మంది సింహళ యువకులు చనిపోయారు. మన 1,200 మందిని లెక్కపెట్టుకుని ఆపేస్తే అది మన దుఃఖానికి లెక్క అవుతుంది గాని యుద్ధానికి లెక్క కాదు.


జవాబు: డాలస్ నుంచి

ఇరవై రెండేళ్ళుగా అమెరికాలో పన్ను కడుతున్నాను కాబట్టి అఫ్ఘానిస్థాన్ యుద్ధానికి నా జీతంలోనూ వాటా ఉంది. ఆ యుద్ధం ఇరవై ఏళ్ళు సాగింది, 2,400 మందికి పైగా అమెరికా సైనికులు చనిపోయారు, అఫ్ఘాన్ సైనికులు, పోలీసులు కలిసి అరవై వేలకు పైగా పోయారు, సాధారణ పౌరులు నలభై వేలకు పైగా. బ్రౌన్ విశ్వవిద్యాలయం వారు ఆ ఒక్క యుద్ధానికి 2.3 లక్షల కోట్ల డాలర్లు అయిందని 2021లో అంచనా వేశారు. గుంటూరు మాస్టారు గారు చెప్పిన పద్ధతిలోనే వారు అప్పుల మీద వడ్డీని, గాయపడి వచ్చినవారి వైద్యాన్ని కూడా విడిగా లెక్కకట్టే ప్రయత్నం చేశారు. ఆ పని చేసింది ప్రభుత్వం కాదు, ఒక విశ్వవిద్యాలయం. మన దగ్గర ఒక్క విశ్వవిద్యాలయమైనా శ్రీలంక మీద ఈ పని చేపట్టకూడదా అని నాకు అనిపిస్తుంది. పింఛను కాగితాలు ఉన్నాయి, ఆసుపత్రి రికార్డులు ఉన్నాయి, అన్నిటికంటే ముఖ్యంగా మీ అమ్మగారి లాంటివారు ఇంకా ఉన్నారు.

అడగవలసినవారు ఎవరన్న మూడో ప్రశ్నకు ఇంకా ఎవరూ జవాబు ఇవ్వలేదు. మన రాజ్యాంగంలో గాని చట్టాల్లో గాని, విదేశానికి సైన్యాన్ని పంపేముందు పార్లమెంటు అనుమతి తీసుకోవాలన్న నియమం లేదు. 1987లో ప్రధాని ఒప్పందం చేసుకున్నారు, దళాలు వెళ్ళాయి, సభకు ఆ తరువాత తెలియజేశారు. అధికార పక్షానికి లోక్‌సభలో 400కు పైగా స్థానాలు ఉన్న రోజులవి. అప్పుడు అతిపెద్ద ప్రతిపక్షం తెలుగుదేశం. 1988 జూన్ నుంచి ఆ యుద్ధం ముగింపు దశ దాకా విదేశాంగ మంత్రి పి.వి. నరసింహారావు గారు. ఇటు అధికారంలోను అటు ప్రతిపక్షంలోను తెలుగువారే ఉన్న సమయం కాబట్టి, అడగవలసిన బాధ్యత ఎక్కడో ఢిల్లీవారిదని మనం తప్పుకోవడానికి లేదు.

2003లో జరిగినది మాత్రం గుర్తుచేసుకోవాలి. ఇరాక్‌కు ఒక డివిజన్ సైన్యాన్ని పంపమని అమెరికా మనల్ని గట్టిగా అడిగింది. పత్రికల్లో, పార్లమెంటులో, వీధుల్లో వారాల తరబడి చర్చ జరిగింది. ఆ చర్చలో శ్రీలంక పేరు మళ్ళీ మళ్ళీ వచ్చింది. ఐక్యరాజ్యసమితి ఆదేశం స్పష్టంగా ఉంటే తప్ప పంపబోమని జూలై 14న వాజపేయి ప్రభుత్వం ప్రకటించింది. ఆ డివిజన్ వెళ్ళి ఉంటే ఎన్ని ట్రంకు పెట్టెల్లో ఎన్ని ఉత్తరాలు ఉండేవో ఊహించుకోవచ్చు. నియమం లేకపోయినా ముందే అడిగినందువల్ల ఆగింది. ఆ అడగడాన్ని చట్టంగా రాసుకోవాలని, పంపేముందు ఒకసారి, ఆ తరువాత ప్రతి ఆరు నెలలకొకసారి సభలో ఓటు తప్పనిసరి చేయాలని నా అభిప్రాయం.


ప్రశ్న అడిగినవారు: గోదావరి గట్టు

అందరికీ కృతజ్ఞతలు. ఇవన్నీ అమ్మకు చదివి వినిపించాను. లెక్కల దగ్గర ఆమె ఏమీ అనలేదు. అడయారు నుంచి రాసినవారి జవాబు దగ్గర ఆపమని, మళ్ళీ మొదటి నుంచి చదవమని అడిగింది. నాన్నగారు ఇంట్లో దీపావళికి టపాసులు కాల్చనిచ్చేవారు కాదు. మందుపాతర చప్పుడు గుర్తుకు వస్తుందేమోనని మేము అనుకునేవాళ్ళం. ఆయన 1987 అక్టోబరులో జాఫ్నాలో ఉన్నారని ఉత్తరం పైనున్న తేదీ చెబుతోంది. అంతకుమించి ఆయన ఏ రోజూ నోరు విప్పలేదు, ఇప్పుడు అడగడానికీ లేదు. ఆ పెద్దావిడ బతికి ఉంటే ఆమెకు అమ్మ నమస్కారం చెప్పమంది.

విశాఖ తీరం గారి మాటను కూడా మేము కొట్టిపారేయడం లేదు. నాన్నగారు తాను చేసిన ఉద్యోగం గురించి చిన్నబుచ్చుకున్న రోజు లేదు. ఆగస్టు 15న ఊరి బడిలో జెండా దగ్గర ఆ కాలితోనే నిటారుగా నిలబడేవారు. అయినా 1991 మే 21న రాజీవ్ గాంధీ విశాఖపట్నం నుంచి మద్రాసు వెళ్ళి, అక్కడి నుంచి శ్రీపెరుంబుదూరు చేరి బాంబు దాడిలో చనిపోయారని రేడియోలో విన్న రాత్రి, ఆయన తెల్లవార్లూ అరుగు మీద కూర్చునే ఉన్నారని అమ్మ చెప్పింది. ఇంకా అయిపోలేదన్నమాట అని ఒక్కసారి అన్నారట.

డాలస్ గారూ, మీరు చెప్పిన పని ఎవరైనా మొదలుపెడితే మా దగ్గరున్న ఉత్తరాలు, పుణె కాగితాలు అన్నీ ఇస్తాం. ఒక చిన్న సహాయం అడగాలి. ఆ బండిలో నాన్నగారితో పాటు ఉండి చనిపోయిన ఇద్దరిలో ఒకరి పేరు, నంబరు ఒక ఉత్తరం వెనక రాసి ఉన్నాయి, ఆయన ఏ ఊరివారో తెలియదు. ఆ పేరు ఎక్కడైనా చూడడానికి వీలవుతుందా?


జవాబు: సైనికపురి

వీలవుతుంది అమ్మా. ఢిల్లీలో ఇండియా గేటు పక్కన 2019లో తెరిచిన జాతీయ యుద్ధ స్మారకంలో త్యాగ చక్రం అనే వలయాకారపు గోడలు ఉన్నాయి. చనిపోయిన ప్రతి జవానుకూ విడిగా ఒక గ్రానైటు పలక మీద పేరు, హోదా, రెజిమెంటు చెక్కారు, శ్రీలంకలో పోయినవారి పలకలు కూడా అక్కడే ఉన్నాయి. కొలంబో పక్కన శ్రీ జయవర్ధనపుర కోట్టేలో శ్రీలంక ప్రభుత్వం కట్టించిన నల్లరాతి స్మారకం మీద కూడా మన వారి పేర్లు ఉన్నాయి. నంబరు ఉంది కాబట్టి రెజిమెంటు రికార్డ్స్ ఆఫీసుకు రాస్తే ఊరి పేరు కూడా తెలుస్తుంది, ఆ ఉత్తరం నేను రాసిపెడతాను. పేరు, నంబరు ఇక్కడ పెట్టకుండా నాకు విడిగా పంపండి. వచ్చే నెల మా పాతవాళ్ళం నలుగురం ఢిల్లీ వెళుతున్నాం. మీ అమ్మగారు రాగలిగితే మాతో తీసుకువెళతాం, రాలేకపోతే ఆ పలక దగ్గర ఆమె తరఫున పువ్వు పెట్టి ఫోటో తీసి పంపుతాం.